పిల్లి గోర్లు: తీయించడమా, కత్తిరించడమా?

"అన్నా, ఇంట్ల రెండేండ్ల పాప ఉంది. పిల్లి గోర్లు మొత్తానికే తీయిస్తే ఏమైతది?" మిర్యాలగూడ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఇంకొకరు, తిప్పి తిప్పి అడుగుతున్నది ఇదే. హైదరాబాద్ నుంచి పర్షియన్ పిల్లికూనలను తెచ్చుకునే ఇళ్లు మన దగ్గర పెరిగాయి, దాంతో పాటే ఈ ప్రశ్నా పెరిగింది. కొందరికి సోఫా చినుగుతుందని బాధ, ఎక్కువమందికి పిల్లలకు గీరుకుంటుందని భయం. సోఫాకు ఉపాయాలు చాలా ఉన్నాయి. చిన్నపిల్లలున్న ఇంటికి ఏది మేలన్నదే నాకు అసలు లెక్క.

తీయించడమంటే గోరు ఒక్కటే పీకడం కాదు. పిల్లి గోరు వేలి చివరి ఎముక నుంచి పుడుతుంది. ఎముక ఉంటే గోరు మళ్లీ మొలుస్తుంది కాబట్టి, ఆ ఎముకనే కీలు దగ్గర కోసి తీసేస్తారు. ముందు కాళ్లకు ఐదేసి వేళ్లు, అంటే పది కోతలు. లేజర్‌తో చేసినా పోయేది ఆ ఎముకే. పిల్లి నడిచేది వేళ్ల మీద, బరువంతా ఆ కోసిన చోటే పడుతుంది. నెత్తురు కారడం, చీము పట్టడం, కుంటడం అప్పటికప్పుడు కనిపించే ముప్పులు. తర్వాత వచ్చేవి ఇంకా చెడ్డవి. ఉత్తర అమెరికాలో గోర్లు తీసిన 137 పిల్లులను, అన్నే మామూలు పిల్లులను పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం 2018లో అచ్చయింది. గోర్లు తీసినవాటిలో 63 శాతానికి ఎక్స్‌రేలో ఎముక ముక్కలు లోపలే మిగిలి కనిపించాయి. నడుము నొప్పి, కరవడం, ఇసుక తొట్టి వదిలేసి ఎక్కడపడితే అక్కడ పోయడం వాటిలోనే ఎక్కువ. నొప్పి ఉన్న పాదంతో ఇసుక తవ్వలేదు, మెత్తగా ఉంటుందని పరుపు మీదకు పోతుంది.

కరవడం అన్న మాట దగ్గరే పాప ఉన్న తల్లిదండ్రులు ఆగి ఆలోచించాలి. చిన్నపిల్ల తోక పట్టి గుంజితే పిల్లి మొదట పంజాతో కొడుతుంది. అది హెచ్చరిక. గోరు పోయిన పిల్లికి మిగిలేది నోరు. పిల్లి కోర సన్నగా, లోతుగా దిగుతుంది. పైన రంధ్రం చిన్నగా కనబడి తొందరగా మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది. రేబిస్ ఉండేది చొంగలో కాబట్టి గీరుడు కన్నా కాటే ఎక్కువ ప్రమాదం. గీరినా, కరిచినా సబ్బు పెట్టి ధార నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ప్రభుత్వ దవాఖానకు పోయి టీకా సంగతి అడగాల్సిందే. పాపను కాపాడేది పిల్లికి ఏటేటా వేయించే రేబిస్ టీకా, కత్తిరించిన గోరు. పది ఎముకలు కోయించి గీరుడు బదులు కాటు తెచ్చుకోవడంలో ఏం లాభముందో నాకైతే అర్థం కాదు.

పైగా మన ఇళ్లలో తలుపులు పొద్దంతా తెరిచే ఉంటాయి. పిల్లి పిట్టగోడ ఎక్కుతుంది, పక్కింటి రేకుల మీదకు పోతుంది. వెంట పడిన వీధికుక్క నుంచి వేపచెట్టు ఎక్కి తప్పించుకోవాలన్నా గోర్లే కావాలి.

అటువైపు వాదన కూడా ఒకటుంది: గోర్లు తీయకపోతే విసిగి పిల్లినే వదిలేస్తారు, దానికన్నా ఇది నయం కదా అని. మంచి మనసుతో అనేవాళ్లున్నారు. కానీ పరుపు తడిపే పిల్లిని, కరిచే పిల్లిని ఎన్నాళ్లు ఉంచుకుంటారు? చట్టం సంగతి చూస్తే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం అవయవాలు ఛిద్రం చేయడాన్ని నేరమంటుంది. పశువుల కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, ముద్ర వేయడం, ముకుతాడు వేయడం వంటివాటికి మినహాయింపు ఇచ్చింది. ఆ జాబితాలో గోర్లు తీయడం లేదు. ఇజ్రాయెల్ 2011లో, న్యూయార్క్ రాష్ట్రం 2019లో దీన్ని నిషేధించాయి. వైద్యం కోసమైతే మాట వేరు. వేలికి గడ్డ లేచినా, నలిగి కుళ్లినా ఆ ఒక్క వేలు తీయాల్సిందే.

కత్తిరించడం నేర్చుకుంటే కష్టం కాదు. తిని కునికే వేళ ఒళ్లో పడుకోబెట్టుకోండి. బొటనవేలితో వేలి మీద, చూపుడువేలితో కింద మెత్త మీద మెల్లగా ఒత్తితే గోరు దానంతటదే బయటికి వస్తుంది. వెలుతురుకు చూస్తే గోరు మొదలు దగ్గర గులాబీ రంగు కనిపిస్తుంది, అది నెత్తురు నరం. దాని జోలికి పోకుండా తెల్లటి కొస ఒక్కటే తుంచాలి. పొరపాటున నెత్తురొస్తే పటిక పొడి అద్ది కాసేపు అదిమి పట్టండి. అన్ని వేళ్లూ ఒక్కరోజే కావాలని లేదు. పిల్లి గుంజుకుంటే వదిలేసి రేపు ఇంకో రెండు వేళ్లు చేయండి. రెండు మూడు వారాలకోసారి చేస్తే చాలు.

దీనికి జోడు గోకడానికి దాని సొంత జాగా ఉండాలి. పిల్లి గోకేది పాత గోరు పొట్టు రాల్చడానికి, పాదాల్లోని వాసన అంటించడానికి, ఒళ్లు సాగదీయడానికి. ఆపమంటే ఆగదు. దుకాణంలో అమ్మే స్తంభాల కన్నా మన గోనె సంచి బిగించి చుట్టిన దుంగ మేలు. పిల్లి నిలువునా సాగేంత ఎత్తుండాలి, ఊగకూడదు. మూలకు కాకుండా, ఇప్పుడు చింపుతున్న సోఫా పక్కనే పెట్టండి. కొన్నాళ్లకు దుంగ కింద నెలవంకల్లాంటి గోరు పొట్టులు రాలి ఉంటే అలవాటు పడినట్టే.

గోర్లకు అంటించే ప్లాస్టిక్ తొడుగులు నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటాయి. బయట తిరిగే పిల్లికి వద్దు. గోరును బయటికి గుంజే స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీని, కోసే ఇంకో ఆపరేషన్ ఉంది. అందులో గోరు ఉంటుంది కానీ బయటికి రాదు, కత్తిరించే పని మాత్రం తప్పదు. దానికి కత్తి దాకా ఎందుకు?

కుక్కల సంగతి వేరు. వాటి గోర్లు లోపలికి పోవు, నేలను పట్టుకోవడానికి అవే ఆధారం, కాబట్టి తీయించే మాటే వద్దు. కొన్నిటికి వెనక కాలి లోపలి వైపు చర్మానికి వేలాడే అదనపు వేలుంటుంది. అది మాటిమాటికీ చిక్కుకుని చిరుగుతుంటే, పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్‌కు మత్తిచ్చినప్పుడే తీసేయొచ్చా అని డాక్టర్‌ను అడగండి. ముందు కాలి లోపలి వేలు ఎక్కువగా ఎముకకు అతికే ఉంటుంది, దాన్ని ఉండనివ్వండి. నేలకు తగలదు కాబట్టి ఆ గోరు అరగదు. కత్తిరించకుండా వదిలేస్తే వంకర తిరిగి చర్మంలోకే దిగుతుంది.