ఏసీ రిమోట్ యాప్‌కి డబ్బులు కట్టేముందు మీ ఫోన్‌లో ఐఆర్ (రిమోట్ ముందు ఉండే, కంటికి కనపడని సిగ్నల్ లైటు) ఉందో లేదో చూస్కోండి, నాకు నాలుగు వారాల్లో 1396 కట్ అయ్యాయి

నా తెలివితక్కువతనం నలుగురికీ తెలిసినా పర్లేదు, ఇంకొకళ్ళు ఇరుక్కోకూడదని రాస్తున్నా.

పోయిన రోహిణి కార్తెలో, మాది రాజమండ్రి, రోళ్ళు పగిలే ఎండ, సరిగ్గా అప్పుడే మా బుడ్డోడు ఏసీ రిమోట్ తీసుకెళ్ళి బకెట్ నీళ్ళలో ముంచాడు. ఎండలో పెట్టాం, బియ్యం డబ్బాలో పెట్టాం, బ్యాటరీలు మార్చాం, ఊహూఁ. ఆదివారం కావడంతో షాపులు మూత. మా ఆవిడేమో "మా తమ్ముడు ఫోన్‌తోనే ఏసీ వేస్తాడు కదా, మీరూ అలా చెయ్యొచ్చుగా" అంది. వాడు వేసేది నిజమే, కానీ వాడిది రెడ్‌మీ, దాని పైఅంచున చిన్న నల్లచుక్క ఉంటుంది, అదే ఐఆర్ బ్లాస్టర్. నా ఫోన్‌కి అది లేదు. ఆ ముక్క అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

యాప్ వేశా, "అన్ని ఫోన్లకీ పనిచేస్తుంది" అని రాసుంది. ఓపెన్ చేయగానే ఏసీ కంపెనీ అడిగింది, తర్వాత గుండ్రంగా తిరుగుతూ "మీ ఏసీ కోసం వెతుకుతున్నాం" అని 30, 60, 87 శాతం, చివరికి "దొరికింది!" అని పచ్చ టిక్కు. వాడాలంటే 3 రోజులు ఫ్రీ ట్రయల్, ఆ తర్వాత వారానికి 349. ఫ్రీయే కదా, చల్లబడ్డాక తీసేద్దాంలే అని యూపీఐ పిన్ కొట్టేశా. పవర్ బటన్ నొక్కితే ఫోన్ జుయ్ మని వైబ్రేట్ అవుతుంది, స్క్రీన్ మీద ఎర్రలైటు వెలుగుతుంది, ఏసీ మాత్రం గోడకి బల్లిలా అలాగే ఉంది. మంచం ఎక్కి ఏసీకి ఆనించి మరీ నొక్కా. ఏం లేదు.

తర్వాత అర్థమైన విషయం ఏంటంటే, ఆ వెతకడమే పచ్చి నాటకం. మామూలు ఏసీలో ఉండే ఐఆర్ రిసీవర్ వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు, అలాంటిది యాప్‌కి "దొరకడం" ఏంటి? ఇంకా మంట ఎక్కడంటే, ఫోన్‌లో ఐఆర్ ఉందా లేదా అని యాప్ అడిగితే ఆండ్రాయిడే చెప్పేస్తుంది, 4.4 వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఉంది. అంటే నా ఫోన్‌తో పని జరగదని ఒక్క ప్రశ్నతో తెలిసిపోయేది, అయినా డబ్బులు గుంజారు. లైటే లేని ఫోన్‌కి ఏ యాప్ వేసినా లైటు మొలవదు కదండీ. ఐఫోన్లకి ఇది ఎప్పుడూ లేదు, శాంసంగ్‌లో గెలాక్సీ ఎస్4 టైంలో ఉండేది, ఎస్7 నుంచి తీసేశారు.

ఆ కోపంలో ఇంకో తప్పు చేశా, హెడ్‌ఫోన్ జాక్‌లో పెడితే ఫోన్ రిమోట్‌లా పనిచేస్తుందనే డాంగిల్ 199కి ఆన్‌లైన్‌లో తెప్పించా. దానికి బ్యాటరీ ఉండదు, పాట వినిపించే సౌండ్ సిగ్నల్ తోనే లోపల రెండు చిన్న ఎల్ఈడీలు వెలగాలి, అందుకే వాల్యూమ్ ఫుల్ పెట్టమంటారు. టీవీ మొహం మీద పెడితే నాలుగుసార్లకి ఒకసారి ఆన్ అయ్యింది, ఏసీ దగ్గర అదీ లేదు. ఏసీ రిమోట్ టీవీ రిమోట్ లాంటిది కాదు, ఏ బటన్ నొక్కినా టెంపరేచర్, మోడ్, ఫ్యాన్ స్పీడ్ అన్నీ కలిపి పొడుగాటి సిగ్నల్ పంపుతుంది, మధ్యలో కొంచెం తేడా వచ్చినా ఏసీ పట్టించుకోదు. రిటర్న్ పెడితే "వాడేసిన వస్తువు తీసుకోం" అన్నాడు అమ్మినాయన.

యాప్ ఆ రోజే అన్‌ఇన్‌స్టాల్ చేశా, పీడ పోయిందనుకున్నా. నెల తర్వాత బ్యాంక్ స్టేట్‌మెంట్ చూస్తే వారం వారం 349 చొప్పున నాలుగుసార్లు కట్. కట్ అయ్యే ముందు మెసేజ్ కూడా వచ్చింది, లోన్ల మెసేజీల గుంపులో నేనే చూడలేదు. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ పోదు, ప్లే స్టోర్‌లో మీ ఫోటో మీద నొక్కి పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ లోకి వెళ్ళి అక్కడ క్యాన్సిల్ కొట్టాలి. చివరిది కట్ అయ్యి 48 గంటలు దాటలేదు కాబట్టి రిఫండ్ అడిగితే ఆ ఒక్క 349 వచ్చింది, మిగతా 1047 గోదాట్లో కలిసినట్టే.

యాప్ పేరు పెట్టట్లేదు, ఒకటి చెప్తే అవే బొమ్మలతో వేరే పేర్లవి పది కనిపిస్తాయి. టీవీ రిమోట్ కోసమైతే ఆండ్రాయిడ్ టీవీ ఉన్నోళ్ళకి ఈ గొడవే లేదు, ఫోనూ టీవీ ఒకే వైఫైలో ఉంటే గూగుల్ వాళ్ళ యాప్ తోనే నడుస్తుంది, ఫ్రీ. డాంగిల్ కొన్నోళ్ళు బటన్ నొక్కుతూ ఇంకో ఫోన్ సెల్ఫీ కెమెరాలోంచి చూడండి, చాలా ఫోన్లలో ఊదారంగు మినుకు కనిపిస్తుంది, అసలు రిమోట్ తో కనపడి డాంగిల్ తో కనపడకపోతే అది డమ్మీ.

ఏసీ సంగతంటారా, సోమవారం సందు చివర షాపులో 350కి రిమోట్ దొరికింది. మెకానిక్ వచ్చినప్పుడు ముందు మూత ఎత్తి లోపల ఓ చిన్న బటన్ చూపించాడు, రిమోట్ లేకపోతే అది నొక్కినా ఏసీ ఆన్ అవుతుందట. ఆదివారమంతా విసనకర్రతో ఊపుకున్నాం.

అన్నట్టు, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే (వాటంతటవే కట్ అయ్యే పేమెంట్లు) అని ఉంటుంది, ఒకసారి తెరిచి చూడండి. నాది క్లీన్ చేశాక మా నాన్న ఫోన్ కూడా చూశా, ఎవడో జాతకాల యాప్‌కి నెలకి 199 కడుతున్నాడాయన, ఆయనకే తెలీదు.