సొలింకో హైపర్-జి 200 మీటర్ల రీల్: ఐటీఎఫ్ టోర్నీలు తిరిగే కుర్రాళ్లకు గిట్టుబాటేనా?

హైపర్-జి అంటే సొలింకో కంపెనీ చేసే టెన్నిస్ రాకెట్ గట్, అంటే రాకెట్‌కి అల్లే తీగ. ముందే చెప్పేస్తే, వారానికి నాలుగైదు రోజులు గట్టిగా ఆడుతూ ఎం15 టోర్నీలకు (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, ఐటీఎఫ్, నడిపే మగవాళ్ల ప్రొఫెషనల్ పోటీల్లో అట్టడుగు మెట్టు) ఎంట్రీలు వేస్తున్నవాళ్లకు ఈ రీల్ గిట్టుబాటే. క్లబ్బులో సాయంత్రం డబుల్స్ ఆడుకునేవాళ్లకు, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు వద్దు.

ఎం15లో మెయిన్ డ్రా (అసలు పోటీ) మొదటి రౌండ్‌లో ఓడితే వచ్చేది 156 డాలర్లు, అదీ పన్ను కోతకు ముందు. టైటిల్ గెలిస్తే 2,160. దానికి ముందు జరిగే అర్హత పోటీలు, క్వాలిఫయింగ్‌లోనే పోతే చేతికి ఏమీ రాదు. 2023లో దేశంలో నంబర్ వన్‌గా ఉన్న సుమిత్ నాగల్ అంతటివాడే తన ఖాతాలో 900 యూరోలు మిగిలాయని చెప్పాడు. రాజమండ్రి నుంచో భీమవరం నుంచో బయల్దేరే కుర్రాడికి రైలు, గది, తిండి ఖర్చులు ఎలాగూ తప్పవు. తగ్గించుకోగలిగింది గట్టింగ్ ఖర్చొక్కటే.

లెక్క ఇదీ. 16×19 రాకెట్‌కి మెయిన్స్‌కి (16 నిలువు తీగలు) 6.1 మీటర్లు, క్రాస్‌లకు (19 అడ్డ తీగలు) 5.6 నుంచి 5.8 మీటర్లు సరిపోతాయి. అంటే రీల్‌కి 16 రాకెట్లు ఖాయం, కొలత జాగ్రత్తగా తీస్తే 17. రీల్ ధరను 16తో భాగించి, విడి ప్యాకెట్ ధర పక్కన పెట్టి చూడండి. తేడా కొద్దిగానే ఉంటే విడివిడిగా కొనుక్కోవడమే మేలు.

గట్ విషయానికొస్తే, ఇది ఆకుపచ్చ కో-పాలియెస్టర్ (గట్టి ప్లాస్టిక్ రకం), అడ్డంగా కోసి చూస్తే నలుచదరం. ఆ అంచులు బంతిని పట్టి తిప్పుతాయి కాబట్టి టాప్‌స్పిన్ (బంతిని ముందుకి తిప్పుతూ కొట్టడం) ఆడేవాళ్లకు బంతి బేస్‌లైన్, అంటే కోర్టు వెనక గీత, లోపలే దిగుతుంది. చిక్కల్లా బిగువు నిలవకపోవడం. మొదటి రెండు మూడు గంటలు అద్భుతంగా ఉంటుంది, ఆ తర్వాత మెల్లగా జారుతుంది. ఎనిమిది పది గంటల ఆట దాటాక గట్ తెగకపోయినా చచ్చిపోయినట్టే: బంతి అదుపు తప్పి పొడుగు పోతుంది, షాక్ మోచేతికి ఎక్కుతుంది. తెగేదాకా ఆడదామనుకుంటే మోచేతి నొప్పి తెచ్చుకున్నట్టే.

డెల్టా వాతావరణంలో ఇంకో సంగతి ఉంది. చెమ్మ పాలియెస్టర్‌ని పెద్దగా ఏమీ చేయదు (పశువుల పేగుతో చేసే నేచురల్ గట్ అయితే కోనసీమ వానాకాలంలో ఉబ్బి పాడైపోతుంది). చెమ్మ పట్టేది బంతికి. మంచు పడే సాయంత్రాల్లో బంతి నూగు లేచి బరువెక్కుతుంది. అలాంటప్పుడు 52 పౌండ్ల బిగువు చేతిని చంపేస్తుంది, 46–48 చాలు. ఎండాకాలం మధ్యాహ్నం బంతి ఎగిరిపడుతుంది కాబట్టి 50–51 పెట్టుకోవచ్చు. ఏ బిగువైనా క్రాస్‌లు రెండు పౌండ్లు తక్కువ. అసలు శత్రువు వేడి. కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం వదిలేసిన రాకెట్ బిగువు మళ్లీ తిరిగి రాదు.

రాకెట్‌కి వేసేటప్పుడు గట్ పాడయ్యేది ఎక్కువగా చేతి తొందర వల్లే. రీల్ నుంచి తీసేటప్పుడు రీల్‌ని తిప్పుతూ వదలాలి. పక్కనుంచి లాగితే మెలికలు పడతాయి, మెలిక పడ్డచోటే తర్వాత విరుగుతుంది. మెయిన్స్ మధ్యనుంచి మొదలుపెట్టి, ఒక వైపు రెండుకి మించి ముందుకి పోకుండా అటూ ఇటూ లాగాలి, లేకపోతే ఫ్రేమ్ వంకరపోతుంది. క్రాస్‌లు తల నుంచి కిందికి. క్రాస్ లాగేటప్పుడు మెయిన్స్‌ మీద ఒకేచోట ఒరుసుకోకుండా పైకీ కిందకీ ఆడించాలి. నూతి గిలక మీద తాడు ఒకేచోట ఒరుసుకుంటే ఏమవుతుందో ఇక్కడా అదే. అసలే ఇది పలకల గట్. అందుకే మెయిన్స్‌లో ఇది, క్రాస్‌లలో మెత్తని సింథటిక్ గట్ అనే చవక ఉపాయం ఎక్కువ రోజులు నిలవదు. అంచులు క్రాస్‌ని కోసేస్తాయి.

గట్ ఎక్కడ తెగిందో చూస్తే కారణం తెలుస్తుంది. మధ్యలో తెగితే మామూలు అరుగుదల. ఫ్రేమ్ అంచున తెగితే గ్రొమెట్ (ఫ్రేమ్ రంధ్రాల్లో ఉండే ప్లాస్టిక్ గొట్టం) అరిగినట్టు, లేదా బంతి అంచుకి తగిలినట్టు. గ్రొమెట్ మార్చకుండా కొత్త గట్ వేస్తే డబ్బు దండగ.

గట్ బిగించే మెషీన్ గురించి ఒక మాట. చేత్తో తిప్పే క్రాంక్ మెషీన్ పౌండ్లు అందగానే ఆగిపోతుంది, ఆ వెంటనే గట్ కాస్త సడలుతుంది. ఎలక్ట్రానిక్‌ది లాగుతూనే ఉంటుంది. ఇక్కడ క్రాంక్ మీద 50కి అలవాటుపడి, బెంగళూరులో ఎలక్ట్రానిక్ మీద 50 అని చెబితే రాకెట్ చెక్కలా తగులుతుంది. రెండు మూడు పౌండ్లు తగ్గించి చెప్పాలి. ఇంట్లోకి కొనేటట్టయితే డ్రాప్-వెయిట్ (కడ్డీకి వేలాడే బరువుతో గట్ లాగేది) మంచిది. కరెంటు పోయినా పని ఆగదు, కడ్డీ నేలకు సమాంతరంగా నిలిచేలా చూసుకుంటే చాలు, కొలత నమ్మొచ్చు.

సైజు (గట్ మందం, మిల్లీమీటర్లలో) 1.25 తీసుకోండి. 1.20లో స్పిన్ ఇంకా బాగుంటుంది గానీ ఎర్రమట్టి కోర్టులో ఇసుక రేణువులు దాన్ని తొందరగా కోసేస్తాయి. టర్కీలోని అంటాల్యా లాంటి క్లే (మట్టి కోర్టు) టోర్నీలకైతే 1.30. మొనాస్టిర్ (ట్యునీషియా), షర్మ్ అల్ షేక్ (ఈజిప్టు) హార్డ్ కోర్టులు కాబట్టి అక్కడికి 1.25 చాలు. చెయ్యి ఇప్పటికే నొప్పెడుతుంటే ఇదే కంపెనీ హైపర్-జి సాఫ్ట్ చూడండి.

టోర్నీకి రీల్ మొత్తం మోసుకెళ్లక్కర్లేదు. ఇంటి దగ్గరే 12 మీటర్ల ముక్కలు కోసి, వెడల్పు చుట్టలుగా కట్టి బ్యాగులో పెట్టుకుంటే అక్కడి స్ట్రింగర్‌కి కూలి ఇస్తే సరిపోతుంది. కట్టర్, సూది మాత్రం విమానంలో చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి.