రాపిడికే పొక్కే పసి ఒళ్లు: బయాప్సీ మేలా, జీన్ టెస్ట్ మేలా?

పసిబిడ్డ ఒంటి మీద నీటిపొక్కులు లేస్తే ఇంట్లో ముందు వేడి చేసిందంటారు, ఆ తర్వాత అమ్మవారంటారు. చీముపొక్కులైతే యాంటీబయాటిక్‌కు తగ్గిపోతాయి. ఎపిడెర్మాలిసిస్ బులోసా అలా కాదు. అందులో పొక్కు ఎక్కడ లేచిందన్నదే అసలు ఆనవాలు: డైపర్ అంచు ఒరిసిన చోట, ప్లాస్టర్ పీకిన చోట, చంకల్లో చేతులు పెట్టి ఎత్తుకున్న చోట. చర్మం పొరల్ని కలిపి ఉంచే ప్రోటీన్లలో పుట్టుకతోనే లోపం ఉంటుంది కాబట్టి కాస్త రాపిడికే పై పొర లేచిపోతుంది. ఇది అంటువ్యాధి కాదు.

ఈ జబ్బులో రకాలున్నాయి. పొక్కు మచ్చ పడకుండా మానితే, పై పొరలోనే చర్మం విడిపోయే సింప్లెక్స్ రకం అనుకోవచ్చు. అలాంటప్పుడు అమ్మానాన్నల్లో ఎవరికైనా ఎండాకాలంలో అరికాళ్లు బొబ్బలెక్కుతాయేమో అడగాలి. గోళ్లు ఊడిపోయి, మానిన చోట మచ్చలు, ఆవగింజంత తెల్లటి గుల్లలు మిగిలితే ఇంకా లోతుగా విడిపోయే డిస్ట్రోఫిక్ రకం మీదికి అనుమానం పోతుంది. ఏడుపు బొంగురుపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. అయితే పుట్టిన కొత్తలో రకాలన్నీ ఒకేలా ఉంటాయి, కంటిచూపుతో తేలదు.

బయాప్సీకి పాత పొక్కు పనికిరాదు. డాక్టరు పెన్సిల్ రబ్బరును చర్మం మీద మెల్లగా తిప్పి, అప్పటికప్పుడు కొత్త పొక్కు లేపి, దాని అంచు నుంచి ముక్క తీస్తారు. చర్మంలోని ప్రోటీన్లను మెరిసే రంగుతో గుర్తుపట్టే ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షకు ఆ ముక్కను, మామూలు బయాప్సీలకు వాడే ఫార్మలిన్ ద్రావణంలో వేస్తే అంతా వృథా. ఏ సీసాలో వేస్తున్నారని అడగడానికి మొహమాటపడకండి. అన్నీ సరిగ్గా జరిగితే చర్మం ఏ పొర దగ్గర విడిపోతోందో కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది.

జీన్ టెస్ట్‌కు కాస్త రక్తం చాలు, రిపోర్టుకే వారాలు పడుతుంది. ఒక్కోసారి అర్థం తేలని మార్పు కనబడి, అమ్మానాన్నల రక్తం కూడా అడుగుతారు. కానీ బయాప్సీ చెప్పలేనిది ఇదే చెబుతుంది: జబ్బు వంశపారంపర్యంగా ఎలా వచ్చిందో. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జీన్ వస్తేనే బయటపడే, మేనరికాల్లో ఎక్కువగా కనబడే రిసెసివ్ రకమైతే ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు ఉంటుంది. ఏ జీన్‌లో ఏ మార్పో తెలిస్తేనే తర్వాతి గర్భంలో 11 వారాలు నిండాక మావి నుంచి నమూనా తీసి చూడగలరు. 2023లో అమెరికా అనుమతించిన, పుండ్ల మీద రాసే జీన్ జెల్ కూడా సీఓఎల్7ఏ1 జీన్ లోపమున్న డిస్ట్రోఫిక్ రకానికే.

నన్నడిగితే, పుట్టిన బిడ్డ పరిస్థితి విషమంగా ఉంటే బయాప్సీ ముందు, అదే రోజు రక్తం కూడా తీయించాలి. బిడ్డ నిలకడగా ఉండి, చేతిలో డబ్బు ఒక్కదానికే సరిపోతే జీన్ టెస్టే. హైదరాబాద్‌లో నిమ్స్ జెనెటిక్స్ విభాగంలో ముందు కౌన్సెలింగ్ తీసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. రక్తం తీసేవారికి మాత్రం ముందే చెప్పండి: దూదితో రుద్దొద్దు, అద్దితే చాలు, ప్లాస్టర్ బదులు గాజుగుడ్డ చుట్టమనండి.