మైపాడు ఇసుక మీద కైట్ ల్యాండ్‌బోర్డు: మూడు వేసవుల వాడకం తరువాత

ఈ సమీక్ష రెండు వస్తువుల గురించి. ఒకటి, ఎనిమిది అంగుళాల గాలి టైర్లున్న ల్యాండ్‌బోర్డు, అంటే పాదాలు పట్టీల్లో దూర్చి నిలబడే చక్రాల చెక్క. రెండోది, రెండు చేతిపిడులతో ఆడించే నాలుగు దారాల గుడ్డ కైట్, 3 చదరపు మీటర్లది. గాలికి కైట్ లాగుతుంటే బోర్డు మీద నిలబడి ఇసుక మీద సాగడమే ఈ ఆట. మైపాడు, కొత్తకోడూరు, కొత్తపట్నం తీరాల్లో మూడు వేసవులు వాడాక తేలిందేమిటంటే, కొత్తవాళ్లకు బోర్డు లొంగకపోవడంలో కాళ్ల తప్పు తక్కువ. టైర్లలో గాలి, ట్రక్కు (చక్రాల ఇరుసును చెక్కకు పట్టి ఉంచి, చెక్క వంగితే చక్రాలను తిప్పే భాగం) నట్టు బిగింపు, ఈ రెండే తిప్పలు పెడతాయి. డబ్బాలోంచి తీసినప్పుడు అవి గట్టి నేలకు సరిపడేలా ఉంటాయి, మన ఇసుకకు పనికిరావు.

మా టైరు పక్కన గరిష్ఠం 50 పీఎస్‌ఐ అని ఉంది. అంత గాలితో అలలు తడిపిన ఇసుక మీద బాగానే పోతుంది గానీ, పొడి ఇసుక తగలగానే చక్రం దిగబడుతుంది. 70 కిలోల మనిషికి 18 నుంచి 20 చాలు. బొటనవేలితో గట్టిగా నొక్కితే టైరు కొంచెం లోపలికి పోవాలి. 15 కంటే తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి, ట్యూబు వాల్వు మొదట్లో తెగుతుంది. వాల్వు మోటారు సైకిల్‌దే కదా అని పంక్చర్ షాపు కంప్రెసర్‌తో పట్టించవద్దు, ఇంత చిన్న ట్యూబు చూస్తుండగానే పగులుతుంది. సైకిల్ పంపుతో కొట్టుకోవడమే మేలు.

ఇక ట్రక్కులు. మా బోర్డువి రబ్బరు బుష్‌లవి, అంటే నట్టు బిగించే కొద్దీ గట్టిపడే రబ్బరు ముక్కలవి. బోర్డు మీద నిలబడి మడమల మీద బరువు వేస్తే ఆ పక్క అంచు బొటనవేలి మందం దిగాలి. అసలు దిగకపోతే బోర్డు తిరగదు. అప్పుడు నడుం మెలితిప్పి బోర్డును మళ్లించాలని చూస్తారు, పడతారు. మరీ వదులుగా ఉంటే వేగం పెరగ్గానే ముందు చక్రాలు వణుకుతాయి. నట్టును పావు చుట్టు చొప్పున, ముందూ వెనకా సమానంగా తిప్పి చూసుకోవాలి.

దిశ సంగతి మన తీరంలో చాలా తేలిక. తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంది. వేసవిలో మధ్యాహ్నం తరువాత గాలి ఆగ్నేయం నుంచో తూర్పు నుంచో వస్తుంది. కాబట్టి వీపు సముద్రానికి, ముఖం సరుగుడు తోటలకు. మడమలు నొక్కితే బోర్డు సముద్రం వైపు తిరుగుతుంది, కాలివేళ్లు నొక్కితే తోటల వైపు. ఉత్తరానికి పోవాలంటే కుడికాలు ముందు, దక్షిణానికైతే ఎడమకాలు ముందు. ఆగ్నేయపు గాలిలో ఉత్తరానికి పోవడం సుఖం, దక్షిణానికి రావడం గాలికి ఎదురీత. అందుకే మొదటి వారాల్లో ఉత్తరానికి నడపండి, బోర్డు చంకన పెట్టుకుని నడిచి రండి. నేరుగా తూర్పు గాలి వీచే రోజున రెండు వైపులా సాధన చేయవచ్చు.

కైట్‌ను చూడకుండా అయిదు నిమిషాలు నెత్తిమీద నిలపగలిగే దాకా బోర్డు ఎక్కవద్దు. ఆ తరువాత సముద్రానికి వీపు పెట్టి కూర్చుని, కైట్ నెత్తిమీద ఉండగానే పాదాలు పట్టీల్లోకి దూర్చాలి. బోర్డు మూతి ఉత్తరానికి, కాస్త తోటల వైపుకు ఉండాలి. ఎదుటి ఆకాశాన్ని గడియారం అనుకుంటే నెత్తిమీద పన్నెండు, కుడిచేతి వైపు నేల దగ్గర మూడు. కైట్‌ను పన్నెండు నుంచి ఒంటిగంట దాకా మెల్లగా దించితే లాగి లేపుతుంది. లేచాక కైట్‌ను ఒంటిగంటకూ రెండింటికీ మధ్య నిలిపి, ఇక చేతులతో పెద్దగా పని పెట్టుకోకూడదు. మోచేతులు పక్కటెముకల దగ్గర, మోకాళ్లు వంగి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుం వెనక్కి. చూపు మాత్రం పోవాల్సిన చోట.

అందరూ పడేది ఒకేలా పడతారు. కైట్ తోటల వైపు లాగుతుంది. ఆ లాగుడుకి ఛాతీ ముందుకొస్తుంది, బరువు కాలివేళ్ల మీదకు జారుతుంది. బోర్డు తోటల వైపు తిరిగి కైట్ కిందికే పరుగెడుతుంది. ఒక్క క్షణం దారాలు వదులవుతాయి, కైట్ ముడుచుకుంటుంది, మళ్లీ గాలి పట్టి ఒక్కసారిగా గుంజుతుంది. సరిగ్గా అప్పటికే చక్రాలు పొడి ఇసుకలో దిగి ఉంటాయి. బోర్డు ఆగిపోతుంది, మనిషి ముందుకు పోతాడు. దీనికి మందు చేతుల్లో లేదు. లాగుడు మొదలైన మరుక్షణం నడుం వెనక్కి వేసి మడమలు నొక్కాలి. మెత్తటి ఇసుక తప్పదనిపిస్తే బరువు వెనక కాలి మీద వేయాలి. ఆగాలంటే కైట్‌ను పన్నెండుకు తెచ్చి, మడమలతో సముద్రం వైపు మళ్లాలి.

ఈ కైట్‌కు గంటకు 15 నుంచి 25 కిలోమీటర్ల గాలి సరి. పొడి ఇసుక చీలమండల దగ్గర పాకడం మొదలైతే కొత్తవాళ్లు దించేయాలి. పిడులు వదిలితే కైట్ లాగుడును చంపి నేలకు దించే మణికట్టు పట్టీలు లేకుండా ఎగరేయనే కూడదు. హెల్మెట్, మణికట్టు గార్డులు, మోకాలి ప్యాడ్లు కూడా అంతే. పడమటి గాలి రోజున అసలు తీయవద్దు: చెట్ల మీదుగా వచ్చి కుదుపులు కుదుపులుగా ఉంటుంది, పైగా కైట్‌ను సముద్రం మీదకు తీసుకుపోతుంది. ఆదివారాలు మైపాడులో జనం మధ్య ఆడొద్దు, పడవలూ ఆరేసిన వలలూ దాటి దూరం పోవాలి. బిగిసిన దారం చర్మాన్ని కోస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా పొడి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, అప్పుడు తడి ఇసుక దాటి పైకి రావద్దు.

మన్నిక: చెక్కకూ హబ్బులకూ ఢోకా లేదు. కైట్ గుడ్డ రంగు వెలిసింది, చినగలేదు. బేరింగులు మాత్రం ఉప్పుకు ఆగవు, ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి నూనె వేసినా ఒక్క వేసవే. ఇరుసు 12 మిల్లీమీటర్లదైతే 6001 నంబరు బేరింగు ఏ బేరింగు షాపులోనైనా దొరుకుతుంది, 9.5 మిల్లీమీటర్ల ఇరుసు బోర్డు కొంటే ప్రతిసారీ తెప్పించుకోవాల్సిందే. ఇది కొనేముందే అడగండి. పంక్చర్లు తీరంలో కాదు, బండి ఆపిన చోటి నుంచి ఇసుక దాకా నడిపించేటప్పుడు పల్లేరు కాయల వల్ల, చిల్లకంప ముళ్ల వల్ల పడతాయి. బోర్డును ఎత్తుకుని నడిస్తే ఆ బాధ ఉండదు. పాదాల పట్టీల వెల్క్రో రెండో వేసవికి ఇసుక నిండి పట్టు వదిలేసింది. చెప్పులు కుట్టేవాళ్ల చేత కొత్త వెల్క్రో కుట్టించి, కింద రెండు వరసలు నైలాన్ దారం వేయిస్తే ఇప్పటికీ ఊడలేదు.