2,400 రూపాయల మల్టీమీటర్, 24 వోల్టుల బల్బు: పాత పొక్లెయిన్ మీద ఐదేళ్ల వాడకం

2019లో 20 టన్నుల సెకండ్ హ్యాండ్ పొక్లెయిన్ ఒకటి కొన్నాను. అవర్ మీటర్ 9,400 చూపించింది. దాన్ని నమ్మింది నేనొక్కడినే. పిన్నులు, బుష్‌లు, చైన్ అన్నీ చూసుకున్నాను గానీ సీటు వెనక ప్యానెల్ మాత్రం విప్పలేదు. విప్పి ఉంటే నల్ల టేపు చుట్టలు, ఫ్యూజు బదులు పెట్టిన రాగి తీగ అప్పుడే కనిపించేవి. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల్లో కొన్నాళ్లు, ఎండాకాలం చెరువు పూడికల్లో కొన్నాళ్లు నడిచింది. మూడో నెలకే డిస్‌ప్లే మీద లోపం ఎక్కడుందో చెప్పే కోడ్‌లు మొదలయ్యాయి.

ముందు కొన్నది క్లాంప్ మీటర్, అంటే వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది. తీరా చూస్తే దాని క్లాంప్ ఏసీ కరెంటుకే పనిచేస్తుంది, మన బండిలో ఉన్నదంతా డీసీ. తర్వాత కొన్నదే ఈ మామూలు మల్టీమీటర్. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే అచ్చం ఇదే మీటర్‌ని దుకాణాల్లో మూడు పేర్లతో చూశాను.

ఇది పెట్టిన డబ్బును ఒక్కరోజులో తిరిగి ఇచ్చింది. ఆ రోజు పంప్ ప్రెషర్ సెన్సర్, థ్రాటిల్ డయల్, బూమ్ (పెద్ద చెయ్యి) పైలట్ ప్రెషర్ సెన్సర్ మూడింటి కోడ్‌లూ ఒకేసారి వచ్చాయి. అంతకు వారం ముందే మెకానిక్ 14,000 పెట్టించి పంప్ ప్రెషర్ సెన్సర్ మార్పించాడు. "అన్నా, మళ్లా అదే కోడ్" అన్నాడు ఆపరేటర్. మూడు పార్టులు ఒకే రోజు చావవు కదా అన్న అనుమానంతో కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) పీకి కొలిచాను. ఈ సెన్సర్లకు మూడు వైర్లు ఉంటాయి: కంట్రోలర్ (బండి కంప్యూటర్) నుంచి వచ్చే 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. ప్రెషర్ లేనప్పుడు సిగ్నల్ సుమారు 0.5 వోల్టు, ఫుల్ ప్రెషర్‌లో 4.5 దగ్గర ఉండాలి. అసలు 5 వోల్టులు రావాల్సిన చోటే 1.9 ఉంది.

ఆ 5 వోల్టుల లైను చాలా సెన్సర్లకు ఉమ్మడి. మీటర్ పిన్నులు అక్కడే పట్టుకుని కూర్చున్నాను. కీ ఆన్, ఇంజిన్ ఆఫ్. ఆపరేటర్ ఒక్కో సెన్సర్ కప్లర్ పీకుతూ వచ్చాడు. 1.9, 1.9, 1.9. స్వింగ్ (బండి పైభాగం తిరగడం) వైపు సెన్సర్ పీకగానే 4.97కి ఎగిరింది. ఆ కప్లర్‌లోంచి నల్లటి హైడ్రాలిక్ ఆయిల్ బొట్టు కారింది. సెన్సర్ లోపల పగిలి ఆయిల్ వైర్ల దాకా వచ్చేసింది. తమాషా ఏంటంటే దాని పేరు మీద ఒక్క కోడ్ కూడా లేదు. ఏడ్చేవాడి పేరే గానీ కొట్టినవాడి పేరు డిస్‌ప్లే చెప్పదని ఆ రోజు అర్థమైంది. బాగున్న పాత పంప్ సెన్సర్‌ని అప్పటికే పారేశాం.

ఇక మీటర్ మోసం చేసిన సంగతి. వానాకాలంలో స్వింగ్ చేస్తుంటే ఇంజిన్ టక్కున ఆగిపోయేది. పది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే మళ్లీ స్టార్ట్. కంట్రోలర్ సప్లై వైరు అనుమానించి కంటిన్యుటీ (వైరు తెగలేదని బీప్‌తో చెప్పే సెట్టింగ్) పెట్టాను: బీప్ వచ్చింది. వోల్టేజ్ చూశాను: 24.6. వైరు బాగుందనుకుని రెండు రోజులు ఫ్యూయల్ లైన్లు విప్పుకుంటూ కూర్చున్నాను. లారీ ఎలక్ట్రీషియన్ ఒకాయన వచ్చి 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి అదే కప్లర్‌కు పెట్టాడు. బల్బు నిప్పు కణికలా ఎర్రగా మిణుకుమంది, మీటర్ 9కి పడిపోయింది. బ్యాటరీ బాక్స్ దగ్గర ఇన్సులేషన్ కోస్తే లోపల రాగి అంతా పచ్చటి పొడి. బీప్ మోగడానికి ఒక్క పోగు ఆనుకున్నా చాలు, లోడ్ మొయ్యడానికి చాలదు. అప్పటినుంచి సప్లై వైరుకు బల్బే పెడుతున్నాను. సెన్సర్ సిగ్నల్ వైర్లకు, 5 వోల్టుల లైనుకు మాత్రం దాన్ని తాకించకూడదు. ఒక ఆంపియర్ దాకా లాగుతుంది, కంట్రోలర్‌కు దెబ్బ.

మిగతావి చిన్న చిన్నవే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కు, ఇంజిన్ బ్లాక్‌కు మధ్య చూస్తే 1.4 వోల్టులు వచ్చింది, అర వోల్టు కూడా దాటకూడదు. ఎర్త్ లగ్గు (వైరు చివర బోల్టు పెట్టే రింగు) కింద ఎవరో పెయింట్ కొట్టారు. ఎమరీ పేపర్‌తో రుద్దాక సరిపోయింది. ఇంజిన్ స్పీడ్ సెన్సర్ కోడ్ వస్తే విప్పి చూశాం, అయస్కాంతం మొనకు ఇనుప రజను మీసంలా పట్టుకుని ఉంది, గుడ్డతో తుడిచి పెట్టాం. కోడ్ చివరి నంబర్ కూడా చూసుకోండి. మా డిస్‌ప్లేలో 3 అంటే వోల్టేజ్ ఎక్కువ, 4 అంటే తక్కువ. సెన్సర్ పీకితే ఆ నంబర్ మారిందంటే వైరు, కంట్రోలర్ బాగున్నట్టే లెక్క. బకెట్ పళ్లకు వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ కేబుళ్లు రెండూ తీసేస్తాం. తెలిసినవాళ్ల బండిలో తియ్యక కంట్రోలర్ పోయింది.

మీటర్ లోపాలు చెప్పాలంటే, దీని పిన్నులు లావు, కప్లర్‌లోకి దూరవు. నేను కుట్టు సూదికి వైరు చుట్టి, కప్లర్ వెనక రబ్బరు సీలు పక్కనుంచి దూరుస్తాను. వైరు మీదే గుచ్చేవాళ్లను చూశాను, ఆ రంధ్రంలోంచి నీళ్లు దిగి ఏడాదికల్లా లోపల పచ్చబడుతుంది. క్వారీ ఎండలో స్క్రీన్ కనపడదు, తువ్వాలు కప్పుకుని చూడాలి. లోపలి 9 వోల్టుల బ్యాటరీ దిగిపోతే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ఓసారి డైనమో 31 వోల్టులు ఇస్తోందని కంగారుపడి పరుగెత్తాను, మీటర్ బ్యాటరీ మార్చాక 28.1. అన్నిటికన్నా చిరాకు దాని నిదానం. థ్రాటిల్ డయల్ తిప్పుతుంటే వోల్టేజ్ మధ్యలో ఎక్కడో ఒక్క క్షణం సున్నాకు పడి లేస్తుంది, ఇది పట్టుకోలేదు. పాత ముల్లు మీటర్ అరువు తెస్తే ముల్లు తుళ్లడం కంటికి కనిపించింది.

ఇప్పుడైతే 2,400 పెట్టి ఇదే కొనను. ఇంకో రెండు వేలు వేసుకుని మిన్-మ్యాక్స్ బటన్ (అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగ్‌లు గుర్తుపెట్టుకునేది), డీసీ క్లాంప్ ఉన్నది తీసుకుంటాను. దీనికి ప్రోబ్ వైర్లు రెండుసార్లు మార్చాను, ఆయిల్ తగిలి పెళుసుబారి చీలిపోయాయి. ఆ 21 వాట్ల బల్బు మాత్రం ఇంకా అదే, క్యాబిన్‌లో గ్రీజ్ గన్ పక్కన పాత సాక్సులో చుట్టి ఉంటుంది.