సిమెంటు దుంగల్లో ఒక రాత్రి, సరుగుడు దుంగల్లో రెండు రాత్రులు

మే నెల ఎండల్లో దూరం పోలేక నెల్లూరు నుంచి కావలి దాకా తీరం వెంటే తిరిగొచ్చాం. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, మా నాన్న. పిల్లలకి చెక్క ఇంట్లో పడుకోవాలని సరదా. నాకేమో సొంతిల్లు కట్టే ఆలోచన, దుంగల ఇంట్లో ఎలా ఉంటుందో చూడాలని.

మొదటి రాత్రికి ఫోటోలు చూసి లాగ్ హౌస్, అంటే దుంగల ఇల్లు అని ఒక రిసార్టులో గది బుక్ చేశాను. రోజుకి 4,000. సాయంత్రం చేరి గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. సిమెంటు ప్లాస్టరింగ్ మీద గాట్లు పెట్టి, దుంగల్లా కనబడేట్టు గోధుమరంగు పూశారు. రాత్రి 11 దాటినా శ్లాబు వేడి కక్కుతూనే ఉంది. ఏసీ ఆపితే పది నిమిషాలు ఉండలేకపోయాం. చేపల పులుసు బాగుంది, పనివాళ్లూ మర్యాదగా ఉన్నారు. కానీ చెక్క అని చెప్పి సిమెంటు ఇవ్వడం మాత్రం చాలా తప్పు.

మర్నాడు కావలి దాటి తుమ్మలపెంట వైపు, సరుగుడు తోటలో ఒక రైతు కట్టిన రెండు గదుల ఇంటికి వెళ్లాం. రోజుకి 2,500. నడుము ఎత్తు దాకా సరుగుడు దుంగలు అడ్డంగా పేర్చారు, సందుల్లో కొబ్బరి పీచు దట్టించారు. ఆ పైన తడికలు, తాటాకు కప్పు. నిలువు స్తంభాలకి మట్టి తగలకుండా కింద చీమకుర్తి గ్రానైట్ ముక్కలు పెట్టారు. మధ్యాహ్నం మూడు దాకా ఇక్కడా ఉక్కపోతే. పొద్దు వాలి సముద్రపు గాలి మళ్లగానే గది చల్లబడింది. చెక్క ఇటుకలా వేడిని పట్టి ఉంచదు. రెండు రాత్రులూ ఫ్యానుతోనే గడిచిపోయాయి.

ఒక స్తంభం మీద మట్టి గీత పాకి ఉంది, చెదలు. రైతు కత్తితో దాన్ని గీకేసి, బ్రష్షుతో జీడితొక్క నూనె పూశాడు. "నెలకోసారి చూసుకోవాలన్నా. ఒక్క నెల వదిలేస్తే లోపలంతా గుల్లయిపోతాది" అన్నాడు. దుంగల ఇల్లు కట్టాలనుకునే వాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

మా నాన్న చాలా ఏళ్లు జామాయిల్ వేసి పేపరు మిల్లుకే అమ్మాడు. ఆ రాత్రి అరుగు మీద కూర్చుని, ఇంత కలప ఇంటికి వాడితే ఏమిటి లాభమని అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. ఎండిన కలపలో దాదాపు సగం బరువు కార్బనే. 100 కిలోల ఎండు దుంగ తయారవడానికి చెట్టు గాలిలోంచి 180 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని ఉంటుంది. అదే దుంగ కాగితమైతే కొన్నాళ్లకే చెత్తలో పడి, కుళ్లో కాలో ఆ కార్బన్ మళ్లీ గాలిలో కలుస్తుంది. గోడలో ఉంటే ఇల్లు నిలిచినన్నాళ్లూ అక్కడే ఉంటుంది. సిమెంటుది పూర్తిగా ఎదురు లెక్క. దాని తయారీకి 100 కిలోల సున్నపురాయి కాలిస్తే రాయిలోంచే 44 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, బట్టీలో మండే బొగ్గు పొగ దానికి అదనం.

సరుగుడు నాలుగైదేళ్లకే కోతకొస్తుంది, వేళ్లలో ఉండే సూక్ష్మజీవులు నేలకి నత్రజని ఇస్తాయి, కొట్టిన చోటే మళ్లీ నాటుకోవచ్చు. ఇదంతా రైతు తోటలో పెరిగిన కట్టెకే. అడవి నరికి తెస్తే లాభం అక్కడే పోతుంది. ఫిన్లాండు, నార్వేల్లో చలికి తగ్గట్టు పైన్ దుంగలతో నిండుగా మూసి కడతారు. ఇక్కడ అదే డిజైన్ కోసం ఓడల్లో పైన్ తెప్పించుకుని, లోపల ఏసీ పెట్టుకోవడం నాకైతే నచ్చదు.

ఈ ఇంటికీ లోట్లున్నాయి. చివరి రెండు కిలోమీటర్లు ఇసుక బాట, చిన్న కార్లు దిగబడతాయి. స్నానాల గది బయట. దోమతెర అడిగితేనే ఇస్తారు. భోజనం ముందురోజే చెప్పాలి. తాటాకు కప్పు కాబట్టి లోపల అగ్గిపెట్టె కూడా వెలిగించనివ్వరు, ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

తిరుగు దారిలో ఉదయగిరి వెళ్లి నర్ది అనే చెట్టు చెక్కతో చేసిన గరిటెలు కొన్నాం. నాన్న మాత్రం బయల్దేరే ముందే రైతు దగ్గర సరుగుడు దుంగల రేటు, జీడితొక్క నూనె ఎక్కడ దొరుకుతుందో అడిగి రాసుకున్నాడు. మీరు వెళ్తే వానాకాలంలో కాకుండా డిసెంబరు తర్వాత వెళ్లండి. బుక్ చేసే ముందు ఫోన్ చేసి గోడ దేంతో కట్టారో అడగండి.