పళ్ళు తెల్లగా చేస్తుందని అమ్మే నల్ల పొడి కొనేముందు ఒక్కసారి చదవండి

ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే ప్రకటన, నల్లటి నురగ నోట్లో పెట్టుకుని ఎవరో నవ్వుతుంటారు, కడిగేయగానే పళ్ళు తళతళ. యాక్టివేటెడ్ చార్‌కోల్ పొడి, అంటే బొగ్గు పొడే. నేను ఆన్‌లైన్‌లో కొన్న డబ్బా మీద అయితే పళ్ళు తెల్లబడతాయి, గార ఊడిపోతుంది, చిగుళ్ళు గట్టిపడతాయి అని మూడు హామీలున్నాయి. మూడూ అబద్ధమే అని ఈ పోస్టు రాస్తున్నాను. అమ్మినవాళ్ళ పేరు రాయట్లేదు, రాసినా ఉపయోగం లేదు, ఎందుకో చివర్లో చెప్తాను.

మొదట్లో పళ్ళు నిజంగానే తెల్లగా కనిపించాయి. అక్కడే అందరూ పడిపోతారు, ఆ ఊపులోనే ఐదు స్టార్లు కూడా ఇచ్చేస్తారు. కొన్నాళ్ళకి చల్లటి నీళ్ళు తాగితే ముందు పళ్ళు జివ్వుమనడం మొదలైంది, పుల్లటిది ఏది నోట్లో పెట్టినా పళ్ళు పులిసిపోయినట్టే. అద్దంలో చూస్తే చిగుళ్ళ అంచు వెంబడి సన్నటి బూడిదరంగు గీత, ఎంత కడిగినా పోదు. డెంటిస్ట్ చూసి, పొడి రేణువులు చిగురుకీ పంటికీ మధ్య సందులో కూర్చున్నాయని, పాత ఫిల్లింగ్ అంచుల్లోకి కూడా దూరాయని, చిగురు దగ్గర పన్ను అరుగుతోందని చెప్పారు. ఫిల్లింగ్ దగ్గరి నలుపు కోసం దాన్ని మళ్ళీ వేయించుకోవాల్సి వస్తుందట.

అసలు ఏం జరుగుతుందంటే, ఆ పొడి పన్ను పైన పట్టిన మరకని గీకేస్తుంది, అంతే. అందుకే మొదట తెలుపు. కానీ మరక పోయాక ఆగదు కదా, రోజూ రుద్దుతూ పోతే పన్ను పైపొర అయిన ఎనామిల్‌నే గీకుతుంది. ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం, ఎముక కన్నా గట్టిది, బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. కానీ అందులో ప్రాణమున్న కణాలు లేవు, కాబట్టి చర్మం మీద గీత పడితే మానినట్టు ఇది మానదు, అరిగింది అరిగినట్టే. దాని కింద ఉండే డెంటిన్ సహజంగానే పసుపు రంగు. పైపొర పల్చబడేకొద్దీ ఆ పసుపు బయటికి కనిపిస్తుంది. మీరు ఇంకా తెల్లబరచాలని ఇంకా రుద్దుతారు, అది ఇంకా పసుపెక్కుతుంది, మీరు ఇంకో డబ్బా ఆర్డర్ పెడతారు. వ్యాపారం బాగుంది కదా!

డెంటిన్‌లో కంటికి కనపడని సన్నటి గొట్టాలుంటాయి, అవి లోపలి నరం వైపు వెళ్తాయి, పైపొర పోతే చల్లదనం నేరుగా అటే తగులుతుంది. జివ్వుమనడం అందుకే. ఇంకొకటి, రంగు పన్ను లోపలే ఉన్నవాళ్ళకి, అంటే చిన్నప్పుడు నీళ్ళలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువవడం వల్లో, టెట్రాసైక్లిన్ లాంటి మందుల వల్లో వచ్చిన మచ్చలకి, పైన ఎంత గీకినా ఒరిగేదేమీ లేదు. నిజంగా తెలుపు కావాలంటే డెంటిస్టులు పెరాక్సైడ్ జెల్ వాడతారు, అది గీకదు, రంగుని లోపలే విరగ్గొడుతుంది. దానికీ కొన్నాళ్ళు జివ్వుమంటుంది కానీ తగ్గిపోతుంది.

గార సంగతి. డబ్బాతో పాటు ఒక చిన్న స్టీలు కొక్కెం ఉచితంగా ఇచ్చారు, గార మీరే గీక్కోండి అని. దయచేసి దాన్ని ముట్టుకోకండి. తోముకున్న కొన్ని గంటలకే పళ్ళ మీద మెత్తగా జిగురుగా పాచి చేరుతుంది, అది బ్రష్‌తో పోతుంది. దాన్ని వదిలేస్తే లాలాజలంలో ఉన్న ఖనిజాలు చేరి గట్టిపడుతుంది, అదే గార. ఒకసారి గట్టిపడ్డాక ఏ పొడీ, ఏ పేస్టూ, ఏ పుక్కిలింతా దాన్ని తియ్యలేవు, డెంటిస్ట్ దగ్గర క్లీనింగే దారి. ఇంట్లో కొక్కెంతో పొడిస్తే చిగురు చీరుకుంటుంది, పైన కనపడే ముక్క ఊడినా చిగురు కింద ఉన్నది అక్కడే ఉంటుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని భయపడి ఇలాంటివి కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు. కదిలేది క్లీనింగ్ వల్ల కాదు, గార పేరుకుపోయి ఎముక అప్పటికే తగ్గి ఉంటుంది, గార తీశాక ఖాళీ బయటపడుతుంది.

చిగుళ్ళు గట్టిపడతాయన్నది ఇంకా ప్రమాదం, ఎందుకంటే రక్తం కారేవాళ్ళే ఆ మాట చూసి కొంటారు. తోముకునేటప్పుడు రక్తం వస్తుందంటే చాలావరకు అక్కడ పాచి ఉండిపోయి చిగురు వాచిందని అర్థం. మెత్తటి బ్రష్‌తో రోజూ శుభ్రం చేస్తే ఈ దశలో మామూలైపోతుంది. నిర్లక్ష్యం చేసి వాపు లోపలికి దిగి ఎముక కరగడం మొదలైందంటే పోయిన ఎముక దానంతటది రాదు. అలాంటి వాచిన చిగురు మీద గరుకు పొడి రుద్దితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సిగరెట్ తాగేవాళ్ళకి రక్తం సరిగ్గా కనపడదు కూడా, జబ్బున్నా చిగుళ్ళు బాగున్నట్టే ఉంటాయి, వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. షుగర్ ఉన్నవాళ్ళూ జాగ్రత్తగా ఉండాలి.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది లేబుల్. అందులో ఫ్లోరైడ్ లేదు, పైగా 'కెమికల్స్ లేవు' అని గొప్పగా రాసుకున్నారు. మనం తిన్న తీపిని నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది, పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామిల్‌లోంచి ఖనిజం కరగడం మొదలవుతుంది. దాన్ని తిరిగి పట్టించేది లాలాజలం, దానికి తోడు ఫ్లోరైడ్. పేస్టు మానేసి ఈ పొడి ఒక్కటే వాడితే పళ్ళు ఒకపక్క అరుగుతాయి, ఇంకోపక్క పిప్పికి అడ్డు లేకుండా పోతుంది. 2017లోనే అమెరికన్ డెంటల్ అసోసియేషన్ జర్నల్‌లో బొగ్గు పేస్టులూ పొడుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి, ఇవి సురక్షితమనీ పనిచేస్తాయనీ చెప్పడానికి తగిన ఆధారాలు లేవని రాశారు. టూత్‌పేస్టు గరుకుదనానికి ఆర్‌డీఏ అని ఒక కొలత ఉంది, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 250 దాటకూడదు. నా డబ్బా మీద అది కాదు కదా, తయారీ తేదీ, బ్యాచ్ నంబర్ కూడా లేవు. ఇవి లేకుండా నోట్లో పెట్టుకునేది ఏదైనా సరే, కొనకండి.

ఇక రీఫండ్ కథ. మూత తీశాక వాపసు తీసుకోరట. డెంటిస్ట్ రాసిచ్చిన కాగితం పంపితే 'మీ పళ్ళు ముందే బలహీనంగా ఉన్నాయి' అని జవాబు! డబ్బాలో ఒక కార్డు కూడా ఉంది, ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే ఇంకో డబ్బా ఉచితం అని. ఆ రివ్యూలన్నీ ఎలా వచ్చాయో ఇప్పుడు అర్థమైంది. ఒక్క స్టార్‌తో నేను రాసింది మాత్రం మాయమైంది. కాబట్టి రివ్యూల్లో వాడిన మొదటివారమే రాసినవాళ్ళని వదిలేసి, నెలల తరవాత మళ్ళీ వచ్చి రాసినవాళ్ళ కోసం వెతకండి.

ఇప్పుడు డెంటిస్ట్ చెప్పినట్టు చేస్తున్నాను, ఇందులో కొత్తదనం ఏమీ లేదు. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్, 1000 నుంచి 1500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టు, ఆ అంకె ట్యూబు వెనక సన్నగా రాసి ఉంటుంది చూడండి. రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు, అందులో ఒకటి పడుకునేముందు. బ్రష్‌ని చిగురు అంచుకి ఏటవాలుగా పెట్టి చిన్నచిన్నగా కదపాలి, గిన్నె తోమినట్టు అడ్డంగా బలంగా కాదు. అయ్యాక నురగ ఉమ్మేసి ఊరుకోవడమే, నీళ్ళతో గలగలా పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది. పళ్ళ సందుల్లోకి బ్రష్ వెళ్ళదు కాబట్టి రోజుకోసారి ఫ్లాసో (సందుల్లో లాగే సన్నటి దారం), సన్నటి సందు బ్రషో. పుల్లటిది తిన్న వెంటనే తోముకోకుండా అరగంట ఆగాలి, ఎందుకంటే తిన్న వెంటనే ఎనామిల్ మెత్తబడి ఉంటుంది. కుచ్చు విచ్చుకోకపోయినా మూడు నాలుగు నెలలకి బ్రష్ మార్చేయాలి. జివ్వుమనడం చాలావరకు తగ్గింది, అరిగిన చోట మాత్రం అలాగే ఉంది.

ఇదే పొడి పిల్లలకి తీపి రుచితో కూడా అమ్ముతున్నారు. పాల పళ్ళ ఎనామిల్ పెద్దవాళ్ళ పళ్ళకన్నా పల్చగా ఉంటుంది, వద్దే వద్దు. మూడేళ్ళలోపు పిల్లలకి ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి బఠాణీ గింజంత చాలు, అదీ పెద్దవాళ్ళు పక్కనుండి తోమించాలి.

పేరు ఎందుకు రాయలేదంటే, నేను ఫిర్యాదు పెట్టాక ఆ పేజీ తీసేశారు, తరవాత అదే డబ్బా వేరే బ్రాండ్ పేరుతో మళ్ళీ వచ్చింది. మూత రంగు మార్చారు, అమ్మాయి ఫోటో అదే, ఉచిత కొక్కెం అదే, లేబుల్ మీద అచ్చుతప్పులు కూడా అవే.